వైద్య పరిశోధనల వార్తలను అర్థం చేసుకోవడంపై సోమల సభ తీర్మానం

సభ: సోమల మండలంలోని పొదుపు సంఘాల మహిళలు, రైతులు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ కార్యకర్తలు, విశ్రాంత ఉద్యోగులు కలిసి జరుపుకొన్న బహిరంగ సభ

స్థలం: సోమల

విషయం: ఆహారం, మందులు, దీర్ఘకాలిక ఆరోగ్యం గురించి వచ్చే పరిశోధన వార్తలను ఎలా చదవాలి, వాటిని బట్టి ఎప్పుడు నడుచుకోవాలి, ఎప్పుడు నడుచుకోకూడదు

ప్రస్తావన

బీపీ మాత్రో, షుగర్ మాత్రో వాడే మనిషి లేని వీధి మన పల్లెల్లో ఇప్పుడు కనబడదు. భారత వైద్య పరిశోధన మండలి 31 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్షా 13 వేల మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉంది. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి పైగా రక్తపోటు ఉంది. ఇవి ఒక కోర్సు వాడితే పోయే జబ్బులు కావు. ఏళ్ల తరబడి మాత్ర మింగాలి, తిండి చూసుకోవాలి, మూడు నెలలకో ఆరు నెలలకో పరీక్ష చేయించుకోవాలి. ఇంత భారం మోసే మనిషికి "ఇక మాత్ర అక్కర్లేదు" అని ఎవరైనా చెబితే మనసు అటే మొగ్గుతుంది. అందులో ఆ మనిషి తప్పేమీ లేదు.

ఆ మాట ఇప్పుడు రోజూ ఫోనులో వస్తోంది. "విదేశాల్లో పరిశోధన చేసి తేల్చారు" అని మొదలవుతుంది. పొద్దున వచ్చిన దానికి సాయంత్రం వచ్చేది ఎదురుగా ఉంటుంది. నెయ్యి గుండెకు మంచిదని ఒకటి, చెడ్డదని ఇంకొకటి. కాఫీ తాగమని ఒకటి, మానమని మరొకటి. చివరికి నెలకు సరిపడా తెచ్చుకున్న మాత్రలు డబ్బాలో అట్లే ఉండిపోతాయి. ఆశా కార్యకర్త వచ్చి అడిగితే "వేసుకుంటున్నా" అనే జవాబు వస్తుంది. కళ్లు మసకబారినప్పుడో, కాలి పుండు మాననప్పుడో, ఒక పక్క చెయ్యి పడిపోయినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది.

దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోందని ఈ సభ భావిస్తోంది. మొదటిది, ఒక్క వార్తను నమ్మి మందు మానేయడం. రెండోది, ఎదురెదురు వార్తలు చూసి విసిగిపోయి "డాక్టర్లే రోజుకో మాట చెబుతారు, మనమెందుకు వినాలి" అని అసలు పరిశోధననే కొట్టిపారేయడం. ఈ రెండో నష్టం మొదటిదానికంటే తక్కువదేమీ కాదు. నిజమైన మేలు చేసే పరిశోధన కూడా ఆ విసుగులో కొట్టుకుపోతుంది.

కాబట్టి పరిశోధనను గుడ్డిగా నమ్మడం గానీ, గుడ్డిగా తోసిపుచ్చడం గానీ కాకుండా, ప్రశ్నించి చదివే అలవాటును మన మండలంలో పెంచడానికి ఈ సభ కింది విషయాలను గమనించి, ఆపైన తీర్మానాలు చేస్తోంది.

మొదటి భాగం: సభ గమనించిన విషయాలు

1. పరిశోధన మన నేలకు కొత్త కాదు

వైద్య పరిశోధన అంటే ఎక్కడో విదేశాల్లో జరిగేదని చాలామంది అనుకుంటారు. పుంగనూరు మీదుగా పోతే వచ్చే మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1910ల్లో అక్కడ క్షయ రోగుల కోసం యూనియన్ మిషన్ శానిటోరియం మొదలైంది. మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. 1950 నుంచి 1955 దాకా మదనపల్లె చుట్టుపక్కల గ్రామాల్లో ఆ సంస్థ పెద్ద అధ్యయనం చేసింది. ఊరూరా తిరిగి ఎక్స్‌రేలు తీశారు, చేతికి సూదితో క్షయ పరీక్ష చేశారు, కొందరికి బీసీజీ టీకా వేశారు. 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. జొహానెస్ ఫ్రీమోట్ మోలర్, ఆయన సహచరులు టీకా ఫలితాలను ఆ తర్వాత కూడా గమనిస్తూ 1973లో నాలుగో నివేదిక ఇచ్చారు.

అంటే ప్రపంచం చదివిన పరిశోధనకు చెయ్యి చాచింది మన పక్క ఊళ్ల రైతులు, కూలీలు, వాళ్ల బిడ్డలు. పరిశోధనకు ఒళ్లు ఇచ్చిన ప్రజలకు, పరిశోధన ఏం చెబుతుందో తెలుసుకునే హక్కు ఉంది. ఆ హక్కుతోనే ఈ సభ మాట్లాడుతోంది.

2. ఎదురెదురుగా కనిపించే రెండు పరిశోధనలు

తిండికీ మందుకూ సంబంధం ఏమిటో చెప్పే రెండు గొప్ప అధ్యయనాలు క్షయ మీదే జరిగాయి. రెండూ మన దేశానివే. పైపైన చూస్తే ఒకటి చెప్పినదాన్ని రెండోది కొట్టేసినట్టు అనిపిస్తుంది.

1956లో మద్రాసులో క్షయ మందుల పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కలిసి దాన్ని పెట్టాయి. అక్కడ 193 మంది రోగులను చీటీలు వేసినట్టుగా రెండు గుంపులు చేశారు. ఒక గుంపును శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చారు. రెండో గుంపు తమ ఇరుకు ఇళ్లలోనే, తమకు దొరికిన తిండితోనే ఉంది. రెండు గుంపులకూ అవే మందులు ఏడాది పాటు ఇచ్చారు. 1959లో ఫలితం వచ్చింది. తిండి తక్కువైనా, పని తప్పకపోయినా, ఇంట్లో ఉన్నవాళ్లకూ దాదాపు అదే స్థాయిలో నయమైంది. ఇంట్లోవాళ్లకు జబ్బు సోకడం కూడా ఎక్కువ కాలేదు. ప్రపంచమంతటా క్షయ వైద్యం ఆస్పత్రి మంచం మీది నుంచి ఇంటికి మారడానికి ఈ పరిశోధనే దారి చూపింది.

ఆరు దశాబ్దాల తర్వాత జార్ఖండ్‌లో రేషన్స్ అనే అధ్యయనం జరిగింది. 2023 ఆగస్టులో లాన్సెట్ పత్రికల్లో అచ్చయింది. క్షయ రోగుల ఇళ్లలోని 10,345 మంది కుటుంబ సభ్యులను తీసుకున్నారు. వాళ్లలో మూడో వంతు మంది బక్కచిక్కినవాళ్లే. రోగులందరికీ ఆహారం ఇచ్చారు. కుటుంబ సభ్యుల్లో మాత్రం ఒక గుంపుకు, పెద్దవాళ్లకు తలా నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిన్ మాత్రలు అందించారు. రెండో గుంపుకు ఇవ్వలేదు. ఆహారం అందిన కుటుంబాల్లో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది.

మరి తిండి ముఖ్యమా, కాదా? రెండు అధ్యయనాలూ నిజమే. అడిగిన ప్రశ్నలు వేరు. జబ్బు వచ్చినవాళ్లకు మంచి మందు సరిగ్గా పడితే, తిండి తేడా వల్ల నయం కావడంలో పెద్ద తేడా ఉంటుందా అని మద్రాసులో అడిగారు. తిండి చాలనివాళ్లకు తిండి పెడితే జబ్బు రాకుండా ఆగుతుందా అని జార్ఖండ్‌లో అడిగారు. మద్రాసు ఫలితాన్ని చూపి "రోగికి తిండి అక్కర్లేదు" అనడం ఎంత తప్పో, జార్ఖండ్ ఫలితాన్ని చూపి "బాగా తింటే క్షయ మందు అక్కర్లేదు" అనడం అంత తప్పు. వార్తలు ఎదురెదురుగా కనిపించినప్పుడు ముందుగా చూడాల్సింది ప్రశ్న ఒకటేనా అన్నది.

3. ప్రతి వార్తను అడగాల్సిన ఆరు ప్రశ్నలు

అధ్యయనాలను పరిశీలించి ఈ సభ ఆరు ప్రశ్నలను ఎంచుకుంది. చదువు తక్కువైనవాళ్లు కూడా వీటిని అడగగలరు.

మొదటి ప్రశ్న: ఎవరి మీద చేశారు? ఎలుకల మీద చేసింది ఎలుకల సంగతే చెబుతుంది. మనుషుల మీద చేసినా ఎలాంటి మనుషులు అన్నది చూడాలి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో గుండెజబ్బు లేని 19,114 మంది వృద్ధుల్లో కొందరికి ఆస్పిరిన్, కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర పంచి చూశారు. 2018లో ఫలితం వచ్చింది. ఆస్పిరిన్ వల్ల ఆరోగ్యంగా బతికే కాలం పెరగలేదు, రక్తస్రావాలు పెరిగాయి. ఇది గుండెజబ్బు రాని వృద్ధుల మాట. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంట్ వేయించుకున్నవాళ్లు ఈ వార్త చదివి ఆస్పిరిన్ మానేస్తే ప్రాణానికే ముప్పు.

రెండో ప్రశ్న: ఎలా పోల్చారు? "ఇది తినేవాళ్లలో ఆ జబ్బు తక్కువ" అని అడిగి రాసుకుంటే అది సగం మాటే. అది తినేవాళ్లు పొగ తాగనివాళ్లు కావచ్చు, నడిచేవాళ్లు కావచ్చు, డబ్బున్నవాళ్లు కావచ్చు. కూరగాయలు, పళ్లు ఎక్కువ తినేవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని గమనించి, వాటిలోని బీటా కెరోటిన్ కాపాడుతోందేమో అనుకున్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లకు చీటీలు వేసినట్టు పంచి బీటా కెరోటిన్ మాత్రలు ఇచ్చి చూశారు. 1994లో తేలింది ఏమంటే, ఆ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైంది. కూరగాయ మంచిదే. దానిలోంచి ఒక్క పదార్థాన్ని తీసి మాత్ర చేస్తే మంచిది కాలేదు. ఆ సంగతి చీటీల పద్ధతిలో పోల్చి చూస్తేనే బయటపడింది.

మూడో ప్రశ్న: ఏం కొలిచారు? రిపోర్టులోని అంకెనా, మనిషి ప్రాణాన్నా? అమెరికాలో గుండెపోటు వచ్చినవాళ్లకు గుండె లయను సరిచేసే మందులు ఇచ్చారు. లయ కుదురుకుంది. కానీ ఆ మందు వేసుకున్నవాళ్లలో చావులు, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కంటే ఎక్కువయ్యాయని 1989లో తేలింది. మనకు దగ్గరి ఉదాహరణ బీసీజీ. మదనపల్లె తర్వాత చెంగల్పట్టులో 1968 నుంచి ఇంకా పెద్ద అధ్యయనం జరిగింది. పదిహేనేళ్లు చూసి 1999లో చెప్పిన మాట, పెద్దవాళ్లలో ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని. అది విని "బీసీజీ దండగ" అనుకుంటే పొరపాటు. చంటిబిడ్డల్లో మెదడు పొరలకు పాకే క్షయ వంటి భయంకర రూపాల నుంచి అది కాపాడుతుంది. పుట్టిన బిడ్డకు ఇప్పటికీ వేస్తున్నది అందుకే.

నాలుగో ప్రశ్న: వందమందిలో, వెయ్యిమందిలో ఎంత తేడా? ఇది అన్నింటికంటే ముఖ్యమని సభ భావిస్తోంది. జార్ఖండ్ అధ్యయనాన్నే చూద్దాం. "39 శాతం తగ్గింది" అంటే వందమందిలో 39 మంది బయటపడ్డారని చాలామంది అనుకుంటారు. అసలు లెక్క ఇది: ఆహారం అందని గుంపులో వెయ్యిమందికి 26 మందికి జబ్బు వచ్చింది, అందిన గుంపులో వెయ్యికి 17 మందికి వచ్చింది. వెయ్యికి 9 మంది బయటపడ్డారు. దాదాపు 111 మందికి ఆహారం ఇస్తే ఒకరికి క్షయ రాకుండా ఆగింది. బియ్యం, పప్పు ఖర్చుతో ఒక మనిషిని క్షయ నుంచి కాపాడగలగడం గొప్ప ఫలితమే, ఆ గొప్పతనం తగ్గదు. కానీ ఇదే లెక్కను ఖరీదైన మాత్రకో, పొడికో వేస్తే "సగానికి సగం తగ్గిస్తుంది" అన్న ప్రకటన వెనక వెయ్యికి ఇద్దరు ఒక్కరైన సంగతి ఉండొచ్చు. శాతం చెప్పి వదిలేసిన వార్త అరకొర వార్త.

అయిదో ప్రశ్న: ఎన్నాళ్లు చూశారు? "షుగర్ పూర్తిగా పోతుంది" అనే మాటకు మూలమైన నిజమైన పరిశోధన ఒకటి బ్రిటన్‌లో జరిగింది. 306 మందిని తీసుకున్నారు. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు, బరువు ఎక్కువ ఉన్నవాళ్లు. డాక్టర్లు, నర్సుల పర్యవేక్షణలో మాత్రలు ఆపి, కొన్ని నెలలు చాలా తక్కువ కేలరీల ఆహారం ఇచ్చారు. ఏడాదికి నూటికి 46 మందికి మందు లేకుండా షుగర్ అదుపులోకి వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్లలో ఆ సంఖ్య 4. రెండేళ్లకు 46 కాస్తా 36 అయింది. అయిదేళ్ల దాకా పరిశీలనలో కొనసాగినవాళ్లలో 13 శాతమే అలా నిలిచారు. మొదటి ఏడాది అంకె ఒక్కటే చూపితే అది వార్త. అయిదేళ్ల అంకె కూడా చూపితే అది నిజం.

ఆరో ప్రశ్న: డబ్బు ఎవరిచ్చారు, ఇంకెవరైనా చేసి చూశారా? 1960ల్లో అమెరికా చక్కెర పరిశ్రమ సంస్థ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చి గుండెజబ్బు కారణాలపై ఒక సమీక్ష రాయించింది. అందులో తప్పంతా కొవ్వు మీదికి పోయింది, చక్కెర పక్కకు తప్పుకొంది. 1967లో అది అచ్చయినప్పుడు ఆ డబ్బు సంగతి చెప్పలేదు. 2016లో పాత కాగితాలు తవ్వితే బయటపడింది. డబ్బు తీసుకున్న ప్రతి పరిశోధనా తప్పని అనలేం. అయితే అమ్మేవాడే చేయించిన ఒక్క పరిశోధన మీద ఆరోగ్యాన్ని పెట్టకూడదు.

4. మన పళ్లెం గురించి

రాగిసంగటి మన తిండి, మన గర్వం. అందులోనే మొదట నిజం మాట్లాడుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉన్నాయి. తెల్ల బియ్యంలో కాల్షియం 8 మిల్లీగ్రాముల లోపే, పీచు 3 గ్రాముల లోపే. కాబట్టి ఎముకలకు, పేగుకు రాగులు ఎంతో మేలు. అదే పట్టికలో పిండిపదార్థం రాగుల్లో 67 గ్రాములు, బియ్యంలో 78 గ్రాములు. తేడా ఉంది, కానీ రాగుల్లోనూ పిండిపదార్థం తక్కువేమీ కాదు. చిరుధాన్యాలపై పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నాయకత్వంలో 2021లో వచ్చిన సమీక్ష 65 అధ్యయనాలను కలిపి చూసింది. షుగర్ ఉన్నవాళ్లలో పరగడుపు షుగర్ 12 శాతం వరకు, తిన్న తర్వాతి షుగర్ 15 శాతం వరకు తగ్గిందని చెప్పింది. అన్నీ కలిపినా అందులో పాల్గొన్నది సుమారు వెయ్యి మంది. కొలిచింది రక్తంలోని అంకెను. అంటే అన్నం బదులు సంగటి తినడానికి అది మంచి కారణం. షుగర్ మాత్ర మానడానికి కారణం కాదు. బియ్యం ఎక్కువ వేసి కెలికిన పెద్ద ముద్దలు రెండు తింటే షుగర్ పెరుగుతుంది. చిన్న ముద్ద, దానికి తోడు ఉలవచారో, పితికిపప్పో, ఆకుకూరో ఎక్కువగా ఉంటే నిలకడగా ఉంటుంది.

ఉప్పు గురించి చైనా పల్లెల్లో జరిగిన అధ్యయనం మనకు పనికొచ్చేది. 600 గ్రామాల్లో 20,995 మందిని తీసుకున్నారు. పక్షవాతం వచ్చినవాళ్లు గానీ, బీపీ ఉన్న అరవై దాటినవాళ్లు గానీ. సగం ఊళ్లకు మామూలు ఉప్పు బదులు నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు ఇచ్చారు. దాదాపు అయిదేళ్లు చూసి 2021లో చెప్పారు: ఏటా వెయ్యిమందిలో పక్షవాతాలు సుమారు 34 నుంచి 29కి తగ్గాయి. మనుషుల మీద, పల్లెల్లో, ఏళ్ల తరబడి, అసలు జబ్బునే కొలిచిన అధ్యయనం ఇది. అయినా తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను అందులో చేర్చలేదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవాళ్లకు ఆ ఉప్పులోని పొటాషియం ప్రమాదం. కాబట్టి డాక్టరును అడిగాకే దాని జోలికి పోవాలి. ఊరగాయ, అప్పడం, వడియం తగ్గించి, రోజుకు మనిషికి 5 గ్రాముల ఉప్పు దాటకుండా చూసుకోవడానికి మాత్రం ఎవరినీ అడగనక్కర్లేదు.

మన పంటల పేరుతో వచ్చే మాటలను కూడా ఇలాగే చూడాలి. టమోటా మన ప్రాంతానికి బువ్వ పెట్టే పంట. టమోటా తింటే క్యాన్సర్ రాదన్న ప్రచారాన్ని అమెరికా ఆహార, మందుల సంస్థ 2005లో పరిశీలించి, కొన్ని క్యాన్సర్ల విషయంలో ఆధారం చాలా పరిమితమని, టమోటాలోని లైకోపీన్ విషయంలో నమ్మదగ్గ ఆధారం లేదని చెప్పింది. పుంగనూరు ఆవును కాపాడుకోవాలి, అది మన సొత్తు. దాని పాలు, నెయ్యి జబ్బులు నయం చేస్తాయన్న మాట వచ్చినప్పుడు కూడా ఆ ఆరు ప్రశ్నలే అడగాలి. మనదైనంత మాత్రాన ప్రశ్న తగ్గకూడదు.

5. మందూ, తిండీ కలిసే చోట

చెన్నైలో షుగర్ రాబోయే దశలో ఉన్న 531 మందిని నాలుగు గుంపులు చేసి చూసిన అధ్యయనం 2006లో వచ్చింది. ఏ సలహా లేనివాళ్లలో మూడేళ్లకు నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి మార్చి, నడక పెంచినవాళ్లలో 39 మందికి, మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో 40 మందికి, రెండూ చేసినవాళ్లలోనూ 39 మందికే వచ్చింది. నడక, తిండి మాత్రతో సమానంగా పనిచేశాయని మనలాంటి దక్షిణాది మనుషుల్లోనే తేలింది. ఇది షుగర్ ఇంకా రానివాళ్లకు గొప్ప ధైర్యం. షుగర్ వచ్చేసి మాత్రలు వాడుతున్నవాళ్లకు ఇదే ఫలితాన్ని అంటగట్టకూడదు.

ఇంకో ప్రమాదాన్ని సభ ప్రత్యేకంగా గుర్తుచేస్తోంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ, ఇన్సులిన్ గానీ వాడేవాళ్లు ఎవరో చెప్పారని ఒక్కసారిగా అన్నం, సంగటి మానేసి కడుపు మాడ్చుకుంటే రక్తంలో షుగర్ పడిపోయి స్పృహ తప్పొచ్చు. తిండి మార్చినప్పుడు మందు డోసును డాక్టరు మార్చాలి. ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవాలి.

రెండో భాగం: తీర్మానాలు

పై విషయాలను పరిగణించి, ఈ సభ ఇందుమూలంగా ఈ కింది విధంగా తీర్మానిస్తోంది.

1. ఫోనులో గానీ, పత్రికలో గానీ, టీవీలో గానీ వచ్చిన ఒక్క పరిశోధన వార్తను బట్టి బీపీ, షుగర్, గుండె, క్షయ, మూర్ఛ, థైరాయిడ్ మందులను మన మండలంలో ఎవరూ డాక్టరును అడగకుండా మానకూడదు, తగ్గించకూడదు, పెంచకూడదు. మాత్ర ఒంటికి పడకపోతే దాచిపెట్టకుండా అదే రోజు ఆరోగ్య కేంద్రంలో చెప్పాలి.

2. పైన చెప్పిన ఆరు ప్రశ్నలను పెద్ద అక్షరాలతో రాసి గ్రామ సచివాలయాలు, ఆరోగ్య కేంద్రాలు, పాఠశాలలు, అంగన్‌వాడీ కేంద్రాల గోడలపై పెట్టాలి. ఎవరి మీద? ఎలా పోల్చారు? ఏం కొలిచారు? వెయ్యికి ఎంత తేడా? ఎన్నాళ్లు? డబ్బు ఎవరిది?

3. పొదుపు సంఘాల నెలవారీ సమావేశాల్లో ఆ నెలలో ఊళ్లో తిరిగిన ఒక ఆరోగ్య వార్తను తీసుకుని, ఏఎన్‌ఎం గానీ, ఆశా కార్యకర్త గానీ, సైన్స్ ఉపాధ్యాయుడు గానీ ఉండగా ఆరు ప్రశ్నలతో చర్చించాలి. చర్చకు వచ్చిన వార్తను నమ్మినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయకూడదు.

4. ఆరోగ్య వార్తను ఫోనులో ఇతరులకు పంపే ముందు, ఆ వార్తలో "ఎవరి మీద, ఎంతమంది మీద" అన్న వివరం ఉందో లేదో చూడాలి. లేకపోతే పంపకూడదు.

5. ఆహారం, మందులపై వచ్చే ముఖ్యమైన పరిశోధనల సారాన్ని సామాన్యులకు అర్థమయ్యే తెలుగులో, శాతాలతో పాటు "వెయ్యిమందిలో ఎంతమంది" అన్న లెక్కతో క్రమంగా ప్రకటించాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను, రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖను ఈ సభ కోరుతోంది.

6. పరిశోధన కోసం మన ఊళ్లకు వచ్చి రక్తం, కఫం, కొలతలు, సమాచారం తీసుకునే ఏ సంస్థ అయినా, అర్థమయ్యే తెలుగులో వివరించి ఇష్టపూర్వకమైన అనుమతి తీసుకోవాలి. పని ముగిశాక అదే ఊరికి తిరిగి వచ్చి ఫలితాన్ని గ్రామసభలో చెప్పాలి. 2007 నుంచి దేశంలో ఉన్న క్లినికల్ ట్రయల్ రిజిస్ట్రీలో ఆ అధ్యయనం నమోదైందా అని పంచాయతీ అడగాలి. ఆ రిజిస్ట్రీ ఎవరైనా ఉచితంగా చూడగలిగేదని ప్రజలకు తెలియజేయాలి.

7. షుగర్, బీపీ, గుండెజబ్బు, క్యాన్సర్ నయం చేస్తామంటూ మందుల ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి మందులు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరమని గుర్తుచేస్తూ, మండలంలో అలాంటి కరపత్రాలు, గోడరాతలు, క్యాంపులు కనిపిస్తే ఫోటో తీసి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయాలి. కొన్నవాళ్లను కాదు, అమ్మినవాళ్లను బాధ్యులను చేయాలి.

8. క్షయ రోగులకు నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుంచి నెలకు అందాల్సిన వెయ్యి రూపాయలు మండలంలోని ప్రతి రోగికి సకాలంలో చేరేలా చూడాలి. జార్ఖండ్ ఫలితం చూపింది కుటుంబ సభ్యుల తిండి గురించి కాబట్టి, క్షయ రోగి ఉన్న పేద కుటుంబానికి ఆరు నెలల పాటు అదనంగా బియ్యం, పప్పు ఇవ్వాలని ప్రభుత్వాన్ని ఈ సభ కోరుతోంది. ప్రభుత్వం ఇచ్చేదాకా పొదుపు సంఘాలు, దాతలు తమకు చేతనైనంత చేయాలి. అయితే తిండి ఇచ్చి మందు మాన్పించకూడదు.

9. మధ్యాహ్న భోజనం, అంగన్‌వాడీ భోజనం, ఇంటి భోజనం మూడింటిలోనూ రాగులు, ఉలవలు, అలసందలు, ఆకుకూరల వాడకం పెంచాలి, ఉప్పు తగ్గించాలి. ఇందుకు కొత్త పరిశోధన కోసం ఎదురుచూడాల్సిన పని లేదు.

10. ఎనిమిదో తరగతి నుంచి పైతరగతుల పిల్లలకు ఏడాదికి కనీసం రెండుసార్లు, ఒక ఆరోగ్య వార్తను శాతం నుంచి వెయ్యికి ఎంత అన్న లెక్కలోకి మార్చే పాఠం చెప్పాలని మండలంలోని ఉపాధ్యాయులను ఈ సభ కోరుతోంది. ఆ పిల్లలే ఇంట్లో తాతకు, అవ్వకు వార్త చదివి వినిపించేది.

11. వైద్యుల సమయం తక్కువని సభకు తెలుసు. అయినా రోగి "ఫోనులో ఇలా వచ్చింది సార్" అని అడిగినప్పుడు కసురుకోకుండా రెండు మాటలైనా చెప్పాలని వైద్యులను, సిబ్బందిని గౌరవపూర్వకంగా కోరుతోంది. ఆస్పత్రిలో జవాబు దొరకని ప్రశ్నే బయట మోసగాడి దగ్గరికి పోతుంది.

12. ఈ తీర్మానం ప్రతులను మండల పరిషత్తుకు, మండలంలోని అన్ని పంచాయతీలకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారికి, జిల్లా విద్యాశాఖ అధికారికి, జాతీయ పోషకాహార సంస్థకు పంపాలని, ఆరు నెలల తర్వాత మళ్లీ సమావేశమై అమలును సమీక్షించాలని తీర్మానించడమైనది.

ప్రతిపాదన: పొదుపు సంఘాల తరఫున

బలపరచినవారు: ఆశా కార్యకర్తలు, ఉపాధ్యాయులు, రైతుల తరఫున

సభకు హాజరైనవారందరూ చేతులెత్తి ఈ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించారు.

ప్రజలకు విజ్ఞప్తి: పరిశోధన మనకు శత్రువు కాదు. క్షయను ఇంట్లోనే నయం చేసుకోవచ్చని చెప్పింది అదే, తిండి పెడితే క్షయ రాకుండా ఆపవచ్చని చెప్పింది అదే. ఏ వార్త వచ్చినా ముందు ఆరు ప్రశ్నలు అడగండి, తర్వాత డాక్టరును అడగండి. జవాబు దొరికేదాకా వేసుకుంటున్న మాత్రను వేసుకుంటూనే ఉండండి.